నా సంతకం అడగలేదు

జూన్ 12

జమున పొద్దున్నే వాంతి చేసుకుంది. నిన్న ఉప్పూకారం అద్దుకుని మామిడికాయ ముక్కలు తెగ తిన్నది. అదే అయి ఉంటుంది.

జూన్ 14

మళ్ళీ వాంతి. నిన్న మామిడికాయ ముట్టనే లేదు.

జూన్ 15

మెడికల్ షాపు నుంచి తెచ్చిన పుల్ల మీద రెండు గీతలు వచ్చాయి. జమున ఆ పుల్లను నా ముందు పెట్టి నా మొహం చూసింది. నేను పుల్లనే చూస్తూ కూర్చున్నాను. బిడ్డ పక్కనే కూర్చుని గుజరాతీ అక్షరాలు దిద్దుకుంటోంది.

"ఎట్ల?" అన్నది జమున.

నేనూ అదే అనుకుంటున్నాను. ఎలా?

కిందటి డిసెంబరులో మా ఊరు సిరిసిల్ల వెళ్ళినప్పుడు నేను పిల్లలు పుట్టకుండా మగవాళ్ళకు చేసే ఆపరేషన్ చేయించుకున్నాను. బిడ్డ పుట్టినప్పుడు జమున చచ్చి బతికింది. చిన్నప్పుడెప్పుడో జ్వరమొచ్చి గుండెలో వాల్వు ఒకటి సన్నబడిందట, ఆ కాన్పులో బయటపడింది. ఇంకో కాన్పయితే మనిషి దక్కదన్నారు. ఆమెకు ఆపరేషన్ చేద్దామంటే మత్తు ఇవ్వాలి, దానికీ గుండె భయమే. "నీకైతే చీమ కుట్టినంత నొప్పి, నువ్వే చేయించుకోరాదు" అన్నాడు అక్కడి డాక్టరు. నేను సూరత్‌లో, ఆమె ఊళ్ళో ఉండటం వల్ల ఏళ్ళ తరబడి వాయిదా వేశాను. చివరకు ధైర్యం చేశాను. నిజంగా చీమ కుట్టినంతే.

ఈ సంగతి జమునకు తప్ప ఎవరికీ తెలీదు. మా అమ్మ బుచ్చవ్వకు మనవడు కావాలి, తెలిస్తే గుండెలు బాదుకుంటుంది. ఇక్కడ సూరత్‌లో, ఖటోదరా బట్టల కారఖానాలో తెలిస్తే నన్ను బతకనివ్వరు. ఆపరేషన్ అయినవాడు బీము ఎత్తలేడని సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసే మావాళ్ళందరి నమ్మకం. తిరిగొచ్చిన కొత్తలోనే నూలు చుట్టిన బీము ఒక కొన ఒక్కడినే ఎత్తి చూపించాను. ఎవరూ చూడలేదు. సంగతి తెలిస్తే కదా చూడటానికి!

డాక్టరు మూడు నెలలు జాగ్రత్తగా ఉండమని కండోమ్ ప్యాకెట్లు ఇచ్చాడు, ఆ తర్వాత వచ్చి పరీక్ష చేయించుకొమ్మన్నాడు. ప్యాకెట్లు రైల్లోనే బెర్తు కింద వదిలేశాను. అప్పట్లో మా కారఖానాలోనే పనిచేసే ఆగయ్య కాకతో, ఇంకో ఇద్దరితో కలిసి ఒక్క గదిలో ఉండేవాడిని. అక్కడ సబ్బు దాచుకోవడానికే చోటు లేదు, ఇవెక్కడ దాచను? అయినా జమున అక్కడ, నేను ఇక్కడ. జాగ్రత్త ఎవరితో? బిడ్డకు బడి సెలవులిచ్చాక, ఏప్రిల్ చివర, ఇద్దరినీ తీసుకొచ్చి వేరే గది తీసుకున్నాను. అప్పటికి మూడు నెలలు కాదు, నాలుగు దాటాయి. పరీక్ష కోసం మళ్ళీ సిరిసిల్ల పోవాలంటే సేఠ్ ఛుట్టీ ఇవ్వడు. గాయం మానాక డాక్టరు దగ్గరికి ఎవడైనా పోతాడా?

మూడు నెలలు ఎప్పుడో అయిపోయాయి కాబట్టి ఇది నాది కాకూడదు.

రాశాను గానీ అలా అనుకోవడం లేదు. నాకు జమున మీద అనుమానం లేదు.

జూన్ 16

నాకు జమున మీద అనుమానం లేదు.

కాకపోతే నేను రాత్రి పాళీకి పోయే వారాల్లో గదికి ఎవరెవరు వస్తారని ఊరికే ఆలోచించాను. పాలవాడు తలుపు దగ్గరే పాలు పోసిపోతాడు. గ్యాసు బండ తెచ్చేవాడు మెట్లెక్కడానికే ఏడుస్తాడు. మేడ మీద ఒడియా కుర్రాళ్ళు ఉంటారు, జమున వాళ్ళకు నిమ్మకాయ పచ్చడి పెడుతుంది, వాళ్ళు భాభీ భాభీ అంటారు. చివరకు అరవై దాటిన ఆగయ్య కాకను కూడా వదల్లేదు. నన్ను ఈ ఊరికి తీసుకొచ్చి పని నేర్పిన మనిషి. మోకాళ్ళ నొప్పులతో మా గది మెట్లు ఎక్కలేక కిందనుంచే కేకేస్తాడు.

ఛీ. రాసింది కొట్టేద్దామనుకున్నాను, మళ్ళీ వద్దనుకున్నాను. నా బుద్ధి ఎలాంటిదో నాకైనా తెలిసుండాలి.

జూన్ 17

బిడ్డ ఫోన్‌లో నానమ్మకు చెప్పేసింది, అమ్మ రోజూ కక్కుతోందని. మా అమ్మ సంబరం అంతా ఇంతా కాదు.

"కొడుకే రా! రాజన్నకు కోడె మొక్కు మొక్కిన. పుట్టినంక వేములాడకు తోల్కరా, గుడిల కోడెను కడదాం."

"అమ్మా, జమునకు పానం బాగుండదు గద" అన్నాను.

"దేవుడున్నడు తియ్" అన్నది.

నల్లా దగ్గరనుంచి సగం బిందె మోసుకొచ్చి జమున గోడకు ఆనుకుని నిలబడింది. మాట్లాడటానికి ఊపిరి అందలేదు.

జూన్ 18

దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోముకు తీసుకెళ్ళాను. బల్ల దగ్గర కూర్చున్నామె భర్త సంతకం, అత్తగారి ఒప్పుకోలు, పెళ్ళి ఫోటో కావాలంది. జమున నన్ను చూసింది. మా అమ్మను అడిగి వస్తామని చెప్పి బయటికొచ్చాను. ఎందుకలా అన్నానో తెలీదు. అమ్మను అడగడమంటే ఏమిటో నాకు తెలియదా?

దారిలో ఆగయ్య కాక ఎదురయ్యాడు. ఏమైందని అడగలేదు. జమున మొహం చూసి, "సర్కారు దవాఖానల మన తెలుగు డాక్టరమ్మ ఉన్నది, మౌక్తిక అని. నా చెల్లెకు సూదులిచ్చింది ఆమెనే. జర జల్ది తీస్కపో, గుండె మనిషి గద" అన్నాడు. రేపూ ఎల్లుండీ నా పాళీ తను చేస్తానన్నాడు.

ఈయననా నేను అనుమానించింది!

జూన్ 20

అంతా రాయాలి.

డాక్టర్ మౌక్తికది కాకినాడ వైపట. చిన్న వయసే. గది బయట చెప్పులు విడిచి లోపలికెళ్ళాం. జమున పాత కాగితాలన్నీ ఓపిగ్గా చూసింది. నా ఆపరేషన్ సంగతి జమునే చెప్పింది.

"మీరు చేయించుకున్నారా? చాలా మంచి పని చేశారండీ. వంద మందిలో ఒక్కరు ముందుకు రారు" అన్నది నాతో.

ఒక డాక్టరు నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఛాతీ పొంగింది.

"మూడు నెలల తర్వాత పరీక్ష చేయించుకున్నారు కదా? ఏమని వచ్చింది?"

"చేయించుకున్న మేడం. మంచిగనే వచ్చింది."

నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందంటే, అంతకుముందు జమునకు ఫోన్‌లో అదే చెప్పి ఉన్నాను. అలవాటైన అబద్ధం. అప్పుడు ఆమె బెంగ తీరడానికి చెప్పాను. ఇప్పుడెందుకు చెప్పానంటే ఆ మెచ్చుకోలు పోతుందని. అంతకంటే పెద్ద కారణం లేదు.

కానీ ఆ మాటకు అర్థమేమిటో గదిలో ముగ్గురికీ తెలుసు. నా పరీక్ష బాగుంటే జమున కడుపులో ఉన్నది నాది కాదు. జమున నా వైపు చూడలేదు. తల వంచుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. నేను దిద్దుకోవచ్చు. ఒక్క మాట చాలు. నోరు మెదపలేదు. పైగా, సిగ్గు విడిచి రాస్తున్నాను, ఆమె తల వంచుకోవడం చూసి 'అయితే నిజమేనేమో' అనుకున్నాను.

డాక్టరమ్మ ఇంకేమీ అడగలేదు. జమున వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది.

"అమ్మా, ఈ గుండెతో కాన్పు చాలా ప్రమాదం. ఇప్పుడైతే తొందరగా, భద్రంగా తీసేయొచ్చు. నువ్వేమంటావు?"

"వద్దు మేడం. నాకు బిడ్డ ఉన్నది. దాన్ని సాదుకోవాలె."

"సరే. అయితే సంతకం పెట్టు."

"నా సంతకం గావాల్నా మేడం? మా అమ్మది?" అన్నాను. మొన్న నర్సింగ్ హోములో అడిగింది చెప్పాను.

"చాలాచోట్ల అడుగుతారండీ, అదో అలవాటు. చట్టం అడగదు. ఈమెకు పద్దెనిమిదేళ్ళు నిండాయి, ఈమె సంతకం చాలు." ఆపైన జమున వైపు తిరిగి చెప్పింది. "వాడిన జాగ్రత్త పనిచేయకపోతే తీయించుకోవచ్చని చట్టంలో ముందునుంచీ ఉందమ్మా. కాకపోతే అందులో పెళ్ళయిన ఆడది, ఆమె భర్త అని రాసి ఉండేది. కొన్నేళ్ళ కిందట దాన్ని మార్చారు. ఇప్పుడు ఏ ఆడమనిషైనా సరే. పెళ్ళి ఫోటోలతో పనిలేదు. నీ పేరు కూడా బయటికి చెప్పకూడదు. నువ్వు ఎవరికీ ఏమీ రుజువు చేయక్కర్లేదు."

ఆ చివరి మాట నాకూ జమునకూ మధ్య అడ్డంగా నిలబడినట్టు అనిపించింది.

జమున ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసి సంతకం పెట్టింది. నన్ను పెన్ను కూడా అడగలేదు.

జూన్ 21

జమున మాట్లాడటం లేదు. వంట చేసింది. పెట్టింది.

జూన్ 24

అయిపోయింది. గుండె డాక్టరును పక్కన పెట్టుకుని చేశారు. గండం గడిచింది. సాయంత్రం టీ తాగింది, బన్ను తిన్నది. బన్ను తింటుంటే చూసి బయటికొచ్చి ఏడ్చాను.

అందరికీ రుణపడ్డాను. బిడ్డను తన దగ్గర పడుకోబెట్టుకున్న కింది ఇంటి గుజరాతీ మాసీకి, నా పాళీలు మోసిన ఆగయ్య కాకకు, మధ్యమధ్యలో వచ్చి నాడి చూసిపోయిన నర్సుకు, డాక్టరమ్మకు.

నా సంతకం అడగలేదు. మొదట కొంచెం చిన్నతనంగా అనిపించింది, ఇంటి యజమానిని కదా. ఇప్పుడు ఆసుపత్రి వరండాలో కూర్చుని ఆలోచిస్తే ఒళ్ళు జలదరిస్తోంది. అడిగి ఉంటే? చేతిలో పెన్ను, ఒక చెవిలో అమ్మ కోడె మొక్కు, ఇంకో చెవిలో నా అనుమానం. జమునకు ఊపిరాడక ఆయాసపడుతుంటే నేను ఆ కాగితం ముందు పెట్టుకుని ఎన్నాళ్ళు నానబెట్టేవాడినో దేవుడికే తెలియాలి. ఆ పెన్ను నా చేతికి ఇవ్వకూడదని ముందే ఆలోచించి చట్టం రాసిన వాళ్ళెవరో, వాళ్ళ పిల్లాపాపలు చల్లగా ఉండాలి.

జూన్ 27

కడుపు నిలవలేదని అమ్మకు చెప్పాను. ఏడ్చింది. జమున ఇంటికొచ్చింది. నాతో అవసరమైన మాటలే.

నాకు అనుమానం లేదు.

ఉంది.

జూలై 3

మావాళ్ళెవరూ కనపడరని తాపి నది దాటి అమ్రోలి దాకా పోయి ఒక ల్యాబులో పరీక్షకు ఇచ్చాను. ఎంత సిగ్గుపడ్డానో ఇక్కడ కూడా రాయను.

జూలై 5

ల్యాబు అతను కుర్చీ చూపించాడు. "అభీ భీ హై, భాయ్. థోడా హై, లేకిన్ హై."

ఇంకా ఉన్నాయి. కొద్దిగానే, కానీ ఉన్నాయి.

మూడు నెలలు ఎప్పుడో దాటాయి కదా అన్నాను. భార్య ఊళ్ళో ఉండేదని చెప్పాను. అతను నవ్వలేదు, అందుకు అతనికి కూడా రుణపడ్డాను. ట్యాంకు దగ్గర వాల్వు కట్టేసినా పైపులో ఉన్న నీళ్ళు ఎక్కడికి పోతాయి, నల్లా తిప్పితేనే కదా ఖాళీ అయ్యేది అన్నాడు. ప్యాకెట్లు వాడుకుంటూ సంసారం చేసే మూడు నెలలు వేరట, ఒంటరిగా కూర్చుని క్యాలెండరు చింపుకునే మూడు నెలలు వేరట. ఏదైనా సరే, పరీక్షలో ఖాళీ అని వచ్చేదాకా నమ్మకూడదట. నాలాగా ఊరొదిలి వచ్చినవాళ్ళు చాలామంది ఇలాగే చేస్తారట.

వంతెన మీద నడిచొచ్చాను. జమున ఏ పాపమూ ఎరగదు. ఆమె మీద ఆ మాట వేసింది నేను. తాపి నిండుగా పారుతోంది. అందులో దూకే రకాన్ని కాదు గానీ, తల పైకెత్తి నడవలేకపోయాను.

జూలై 6

చెప్పేశాను.

"పరీక్ష అప్పుడు చేపిచ్చుకోలే. అబద్ధం చెప్పిన. మొన్న చేపిచ్చుకున్న. తప్పు నాదే జమునా."

జమున బియ్యం ఏరుతోంది. చేతులు ఆగలేదు.

"ఎర్కనే" అన్నది. "తప్పు నాది కాదంటే ఇంకెవలిదయితది? నాకెర్క లేనిది ఏందంటే, నువ్వు డాక్టరమ్మ ముంగట గట్లెట్ల అన్నవని."

"సిగ్గయింది."

"నీకు సిగ్గయితే నన్ను బజార్ల పెడ్తవా?"

బియ్యంలోంచి ఏరిన రాయి ఒకటి కిటికీలోంచి విసిరేసింది.

"నాకు చెప్పుడు కాదు. ఆమె ముంగట నేను తల వంచుకున్న. పో, ఆమె ముంగట చెప్పు. నేను సుత వస్త."

జూలై 8

అదే గది. జమున అదే కుర్చీలో కూర్చుంది, తల నిటారుగా పెట్టుకుని. నేను నిలబడే చెప్పాను. ఇంట్లో నాలుగు మాటల్లో అయిపోయినది అక్కడ నలభై మాటలైంది, నీళ్ళు నమిలాను. జమున సాయం రాలేదు.

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. కొత్తగా ప్యాకెట్లు ఇచ్చి ఎలా వాడాలో, మళ్ళీ ఎప్పుడు పరీక్షో చెప్పింది. ఆపైన ఒక మాట అడిగింది. తనూ ఇంకొందరూ కలిసి అధికారులకు అర్జీ ఇస్తున్నారట. ఆపరేషన్ ఎక్కడ జరిగినా పరీక్ష పని చేసే ఊళ్ళోనే జరగాలని, కారఖానాల గేటు దగ్గర ప్యాకెట్లు ఉచితంగా దొరకాలని, ఆసుపత్రులు చట్టంలో లేని సంతకాలు అడగకుండా గట్టి నిబంధన పెట్టాలని. ఖటోదరాలోనే సమావేశం. మా సంగతి అక్కడ చెప్పొచ్చా, పేర్లు లేకుండా, అని జమునను అడిగింది.

"నా పేరు వద్దు మేడం" అన్నది జమున. "ఆయనది పెట్టుండ్రి. పేరు లేకుంటే ఎవలు నమ్ముతరు? ఆయన్నే చెప్పమనుండ్రి."

నన్నెవరూ అడగలేదు. ఇది రెండోసారి.

జూలై 20

చెప్పాను. ఇద్దరు అధికారులు, డాక్టరమ్మ, ముందు వరసలో ఆగయ్య కాక, వెనకంతా మా సాంచెలవాళ్ళే. "నా పేరు రాజలింగం, సాంచెలు సరిజేసే మాస్టర్ పని చేస్త. నేను ఆపరేషన్ చేపిచ్చుకున్న" అనగానే గొల్లున నవ్వారు.

"బీము ఎత్తుతున్నవా అన్నా?" అని వెనకనుంచి కేక.

"రా, బీముతోటి నిన్ను సుత ఎత్తుత!"

ఆ నవ్వులు అయ్యాక మిగతాది చెప్పాను. రైల్లో ప్యాకెట్లు వదిలేసింది, పరీక్షకు పోనిది, నా ఇంటామె పానం మీదికి తెచ్చింది. డాక్టరమ్మ ముందు ఆడిన అబద్ధం దగ్గరికి వచ్చేసరికి కళ్ళు నేల మీదికి దించాను. అదీ చెప్పాను. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

అధికారులు రాసుకున్నారు. నిబంధన మారుస్తారో లేదో నాకు తెలీదు. కానీ బయట టీ తాగుతుంటే మావాళ్ళు ఒక్కొక్కరే పక్కకు వచ్చారు. "అన్నా, ఇంటామె ఊర్లుంటే మూడు నెలలు లెక్కకు రావా?" అని ఒకడు. "మా బామ్మర్ది గిట్లనే చేసిండు, ఏడ చూపిచ్చాలె?" అని ఇంకొకడు. అమ్రోలి ల్యాబు గుర్తులు చెప్పీ చెప్పీ టీ చల్లారిపోయింది.

ఆగస్టు 11

దాచడం చాలించి అమ్మకు ఆపరేషన్ సంగతి చెప్పాను. ఫోన్ పెట్టేసింది.

ఆగస్టు 19

అమ్మ మాట్లాడటం లేదు. బిడ్డ ఫోన్ చేసినా ఎత్తడం లేదు.

ఆగస్టు 30

అమ్మే ఫోన్ చేసింది. నాతో కాదు, జమునతో. "తింటున్నవా బిడ్డా? ఉప్పు తగ్గించు, గుండెకు మంచిగుండదట" అని గంటసేపు. చివర్లో నాకిమ్మన్నది.

"మొక్కు మొక్కు లెక్కనే ఉన్నది. కోడెను జమున పేరు మీద కడత. పానం మంచిగుండాలని."

ఇలాంటి అమ్మకు కూడా ఇన్నాళ్ళు భయపడి బతికాను.

సెప్టెంబర్ 14

జమున నవ్వింది. నన్ను చూసి కాదు, బిడ్డ గుజరాతీలో తిడుతుంటే. చాలు.

అక్టోబర్ 30

దీపావళి ఛుట్టీల తర్వాత రెండో పరీక్ష. ఖాళీ అని వచ్చింది. పరుగున వచ్చి జమునకు చెప్పాను.

"నువ్వు చెప్తె కాదు" అన్నది. "డాక్టరమ్మ చెప్పాలె."

కోపం రాలేదు. నా మాట చెల్లకుండా చేసుకున్నది నేనే. మళ్ళీ సంపాదించుకునేదాకా డాక్టరమ్మ మాట మీద బతుకుతాను.

అక్టోబర్ 31

ఇద్దరం వెళ్ళాం. డాక్టరమ్మ కాగితం చూసి, "ఇక భయం లేదమ్మా, పూర్తిగా ఖాళీ" అన్నది. జమున ఇంకోసారి చెప్పించుకుంది. లేవబోయి మళ్ళీ కూర్చుంది.

"మేడం, ఒక్క మాట. గా రోజు ఈయన గట్ల చెప్పినప్పుడు మీరు నా గురించి ఏమనుకున్నరు?"

ఇన్ని నెలలూ ఆమె మనసులో ఇది మెలితిరుగుతోందన్నమాట.

డాక్టరమ్మ గుర్తు తెచ్చుకోవడానికి జమున పాత కాగితాలు తిరగేసింది.

"ఏమనుకుంటానమ్మా? నీ గుండె చప్పుడు బాగా లేదు. ఎలాగైనా నువ్వు బతకాలి, ఆలస్యమైతే ఎలా అని భయపడ్డాను. ఇంకేం తోచలేదు."

ఆ రోజు ఆ గదిలో ముగ్గురం ఉన్నాం. జమున ఏమైపోతుందోనని భయపడింది డాక్టరమ్మ ఒక్కతే. ఆమె జమునను చూడటం అదే మొదటిసారి. నేను పెళ్ళి చేసుకున్నవాడిని, నాకేమో నా పరువు పోతుందని భయం.

జమున కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది. నేను ముందుగా బయటికొచ్చి, చెప్పుల కుప్పలోంచి ఆమె చెప్పులు వెతికి, వంగాల్సిన పని లేకుండా ఆమె కాళ్ళ ముందు పెట్టాను. వరండాలో జనం చూశారు. జమున నా భుజం పట్టుకుని తొడుక్కుంది.